గేమ్ కన్సోల్‌తోనే ఇంటి కంప్యూటర్ పనులు చేసుకోవడం ఎలా?

మెయిల్ చూసుకోవడం, బిల్లులు కట్టడం, పిల్లల ప్రాజెక్టుకు నాలుగు పేజీలు టైప్ చేయడం, ఇంటి ఖర్చుల లెక్క రాసుకోవడం, తీరిక దొరికితే ఒక వీడియో పాఠం చూడడం. ఇంట్లో కంప్యూటర్‌తో మనకు పడే పని చాలావరకు ఇంతే. ఈ పనికి కావలసిన ప్రాసెసర్, మెమరీ, స్టోరేజ్, వైఫై అన్నీ ఆటల కోసం కొన్న కన్సోల్‌లో ముందే ఉన్నాయి. నేను ఏడాదిన్నరగా స్టీమ్ డెక్ అనే చేతి కన్సోల్‌నే ఇంటి కంప్యూటర్‌గా వాడుతున్నాను. మీరు ఇప్పుడు చదువుతున్నది కూడా దాని మీద టైప్ చేసిందే. అంతకుముందు కొన్ని నెలలు ఎక్స్‌బాక్స్‌లోని బ్రౌజర్ ఒక్కదానితో బండి లాగించాను. ఈ రెండు దారుల్లో ఎక్కడ సాఫీగా సాగుతుందో, ఎక్కడ ఆగిపోతుందో వరసగా చెబుతాను.

మొదటి అడుగు: మీ కన్సోల్ ఏ రకమో తేల్చుకోండి

కన్సోల్‌కి ఎంత పవర్ ఉందని అందరూ ముందు అడుగుతారు. ఈ పనికి అది రెండో ప్రశ్న. దాన్ని తయారుచేసిన కంపెనీ మిమ్మల్ని ఎంతవరకు లోపలికి రానిస్తుందన్నది మొదటి ప్రశ్న.

ప్లేస్టేషన్ 3 కథ ఒక్కటి తెలిస్తే ఈ మాట బాగా అర్థమవుతుంది. 2006లో అది వచ్చినప్పుడు వేరే ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకునే వీలు దాని మెనూలోనే ఉండేది. లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుని, కీబోర్డ్, మౌస్ తగిలించుకుని జనం దాన్ని కంప్యూటర్‌గా వాడుకున్నారు. అయితే గ్రాఫిక్స్ చిప్‌ను లినక్స్ పూర్తిగా వాడుకోకుండా సోనీ అడ్డుగోడ పెట్టింది. అంత బలమైన యంత్రంలోనూ డెస్క్‌టాప్ నెమ్మదిగానే నడిచేది. 2010 ఏప్రిల్ 1న వచ్చిన 3.21 అప్‌డేట్ ఆ వీలును కూడా తీసేసింది. అప్‌డేట్ చేస్తే లినక్స్ పోతుంది, చేయకపోతే ఆన్‌లైన్ ఆటలు పోతాయి. అప్పటికే దాని మీద పనులు పెట్టుకున్నవాళ్లు ఏదో ఒకటి వదులుకోక తప్పలేదు. ఆ ఏడాదే అమెరికా వైమానిక దళం పరిశోధకులు 1,760 ప్లేస్టేషన్ 3లను కలిపి ఒక సూపర్ కంప్యూటర్ కట్టారు. పవర్‌కి లోటు లేదని దాన్ని బట్టే తెలుస్తుంది, లోటంతా అనుమతిలోనే ఉంది.

ఈ లెక్కన నేటి కన్సోల్స్ ఇలా విడిపోతాయి.

స్టీమ్ డెక్ 2022లో వచ్చింది. దాని ఆపరేటింగ్ సిస్టమ్ స్టీమ్ ఓఎస్, ఆర్చ్ అనే ఒక రకం లినక్స్ మీద కట్టింది. అందులో ప్లాస్మా అనే పూర్తి డెస్క్‌టాప్‌ను కంపెనీయే పెట్టి ఇచ్చింది, దొంగదారులు వెతకక్కర్లేదు. 16 జీబీ మెమరీ, నాలుగు కోర్ల ప్రాసెసర్ ఉన్నాయి. రోజువారీ పనులకు ఇది బాగా సరిపోతుంది.

ఆసుస్ ఆర్‌ఓజీ ఎలై, లెనోవో లీజియన్ గో లాంటి చేతి కన్సోల్స్‌లో చాలావరకు విండోస్ 11 ఉంటుంది. అవి చిన్న ఒంట్లో ఉన్న మామూలు కంప్యూటర్లే. వాటికి కింద చెప్పే డాక్ (కన్సోల్‌ని టీవీకి, కీబోర్డ్‌కి కలిపే పెట్టె), టీవీ సంగతులు చదివితే చాలు.

ఎక్స్‌బాక్స్ వన్, సిరీస్ ఎస్, సిరీస్ ఎక్స్‌లలో డెస్క్‌టాప్ లేదు గానీ మంచి బ్రౌజర్ ఉంది. 2021లో, గూగుల్ క్రోమ్‌కి మూలమైన క్రోమియం మీద కట్టిన ఎడ్జ్ బ్రౌజర్ వచ్చాక కీబోర్డ్, మౌస్ రెండూ అందులో పనిచేస్తున్నాయి. మీ పనంతా బ్రౌజర్‌లో జరిగేదే అయితే ఇది చాలు.

ప్లేస్టేషన్ 5లో బ్రౌజర్‌కి విడిగా యాప్ లేదు. నింటెండో స్విచ్‌లో కూడా వెబ్ చూసుకోవడానికని ఇచ్చిన బ్రౌజర్ లేదు. వీటిని కంప్యూటర్‌గా వాడే ఆలోచన మానుకోమనే చెబుతాను. తాళం పగలగొట్టి లినక్స్ ఎక్కించే పద్ధతులు మీకు కనబడతాయి. కుతూహలానికి అవి బాగుంటాయేమో గానీ ఇంటి లెక్కలు, పిల్లల చదువు వాటి మీద పెట్టకండి. అలాంటి కన్సోల్‌ని ఆన్‌లైన్ సేవల నుంచి వెలివేసే హక్కు కంపెనీ నిబంధనల్లోనే ఉంటుంది. పైగా ఒక్క అప్‌డేట్‌తో అంతా ఆగిపోవచ్చు.

రెండో అడుగు: కీబోర్డ్, మౌస్, డాక్

ఎక్స్‌బాక్స్‌కి బ్లూటూత్ కీబోర్డ్, మౌస్ కలవవు. కొనేముందు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి. వైరు ఉన్నదైనా, చిన్న యూఎస్‌బీ డాంగిల్‌తో వచ్చే వైర్‌లెస్ అయినా తీసుకోండి. కీబోర్డ్, మౌస్ రెండింటికీ కలిపి ఒకే డాంగిల్ ఉన్న సెట్ అయితే ఒక పోర్ట్ మిగులుతుంది. సిరీస్ ఎస్, ఎక్స్‌లకు ఉన్నవి మూడే యూఎస్‌బీ పోర్టులు.

స్టీమ్ డెక్‌కి బ్లూటూత్ ఉంది, కాబట్టి కీబోర్డ్, మౌస్ ఏ రకమైనా సరే. దానికి ఉన్న యూఎస్‌బీ పోర్ట్ మాత్రం ఒక్కటే. ఛార్జింగ్, టీవీ, పెన్ డ్రైవ్ అన్నీ ఆ ఒక్క టైప్ సీ రంధ్రం గుండానే పోవాలి. అందుకే డాక్ గానీ, టైప్ సీ హబ్ గానీ తప్పనిసరి. డెక్‌ను తయారుచేసే వాల్వ్ కంపెనీ అమ్మే డాక్‌లో హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లే పోర్ట్, నెట్ కేబుల్‌కి ఈథర్‌నెట్, మూడు యూఎస్‌బీలు ఉంటాయి. వేరే కంపెనీ హబ్ కొంటే రెండు విషయాలు చూడండి. ఒకటి, అందులో హెచ్‌డీఎంఐ ఉండాలి. రెండు, ఛార్జర్‌ని హబ్‌కే గుచ్చి దాని గుండా డెక్‌కి కరెంటు పంపే సదుపాయం ఉండాలి. డెక్‌తో వచ్చే ఛార్జర్ 45 వాట్లది. హబ్ తన వాటాగా కొంత తీసుకుంటుంది కాబట్టి 60 వాట్లో, అంతకన్నా ఎక్కువో ఇచ్చే టైప్ సీ ఛార్జర్ ఉంటే నిశ్చింత.

కరెంటు మాట వచ్చింది కాబట్టి ఇది కూడా చెబుతాను. రోజుకు ఐదారు గంటలు టైపింగ్ చేసేవాళ్లకు డెక్ దారే మేలు. దాని ఛార్జరే 45 వాట్లు, మామూలు పనుల్లో అంత కూడా లాగదు. సిరీస్ ఎక్స్ లాంటి పెద్ద కన్సోల్ ఊరికే బ్రౌజర్ తెరిచి ఉంచినా పదుల వాట్లు తింటుంది.

మూడో అడుగు: టీవీలో అక్షరం చదవగలిగేలా చేసుకోండి

ఈ ప్రయత్నం మొదలుపెట్టి మధ్యలో వదిలేసేవాళ్లు చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఆటలో బొమ్మ అద్భుతంగా ఉంటుంది, అదే టీవీలో మెయిల్ తెరిస్తే అక్షరాల అంచులు మసకగా, రంగు అంటుకున్నట్టు కనబడతాయి. అరగంట చదివేసరికి కళ్లు లాగుతాయి, తలనొప్పి వస్తుంది. తప్పు కన్సోల్‌ది అనుకుని మానేస్తారు. నిజానికి సరిచేయాల్సింది టీవీ సెట్టింగుల్లో.

టీవీ రిమోట్ తీసుకుని ముందు ఆ హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్ పేరును పీసీ అని మార్చండి. చాలా టీవీల్లో ఈ పేరు మార్పుతోనే చిత్రాన్ని చూపే పద్ధతి మారిపోతుంది. టీవీ మామూలుగా సినిమా చిత్రంలో రంగుల సమాచారాన్ని కుదించి చూపిస్తుంది. కదిలే బొమ్మలో అది తెలియదు, సన్నటి అక్షరం దగ్గర తెలుస్తుంది. పీసీ మోడ్‌లో చాలా టీవీలు ఆ కుదింపు మానేస్తాయి. తెలుగు అక్షరాలకు ఇది మరీ ముఖ్యం. ఒత్తులు, గుడులు, దీర్ఘాలు చిన్న చోటులో ఇరుక్కుని ఉంటాయి కదా, ఇంగ్లిష్ చదవగలిగిన మసకలో తెలుగు చదవలేం.

తర్వాత తెర అంచులు చూడండి. కింద ఉండాల్సిన టాస్క్‌బార్ సగం తెగిపోతే టీవీ బొమ్మను కొంచెం పెద్దది చేసి అంచులు కత్తిరిస్తోందన్నమాట. పిక్చర్ సైజు మెనూలో స్క్రీన్ ఫిట్, జస్ట్ స్కాన్ లాంటి పేరుతో ఉన్నదాన్ని ఎంచుకోండి. షార్ప్‌నెస్ బాగా తగ్గించండి. అది ఎక్కువగా ఉంటే అక్షరం చుట్టూ తెల్లటి గీత కనబడుతుంది. కదలికను నునుపు చేసే ఫీచర్లు ఏవైనా ఉంటే ఆపేయండి, లేకపోతే మౌస్ బాణం చేతికంటే వెనక నడుస్తుంది.

ఇక సైజు. 4కే టీవీ అయితే డెస్క్‌టాప్ స్కేలింగ్ 150 శాతంతో మొదలుపెట్టి, మీరు కూర్చునే చోటి నుంచి చదవగలిగేదాకా పెంచండి. ఎక్స్‌బాక్స్‌లో బ్రౌజర్ జూమ్ 125 నుంచి 150 శాతం మధ్య పెట్టుకోండి. సోఫాలో ఒళ్లో కీబోర్డ్ పెట్టుకుని మెయిల్‌కి జవాబివ్వడం వరకు ఫరవాలేదు. గంటల తరబడి రాయాలంటే మాత్రం బల్ల, నిటారు కుర్చీ ఉండాలి, తెర ఎదురుగా ఉండాలి. నేను రెండో నెలలోనే టీవీ వదిలేసి ఒక మామూలు 24 అంగుళాల మానిటర్‌కి మారాను, మెడనొప్పి పోయింది. ఇంట్లో పాత మానిటర్ ఉంటే అదే వాడమని నా సలహా.

నాలుగో అడుగు: స్టీమ్ డెక్‌ను కంప్యూటర్‌గా సిద్ధం చేయడం

పవర్ బటన్‌ని కొన్ని క్షణాలు నొక్కి పట్టుకుంటే మెనూ వస్తుంది. అందులో స్విచ్ టు డెస్క్‌టాప్ ఎంచుకోండి. నిమిషంలోపే మామూలు కంప్యూటర్ తెర కనబడుతుంది. కీబోర్డ్, మౌస్ ఇంకా తగిలించకపోతే కంగారు లేదు. కుడి ట్రాక్‌ప్యాడ్ మౌస్‌లా, కుడి ట్రిగ్గర్ క్లిక్‌లా పనిచేస్తాయి. స్టీమ్ బటన్, ఎక్స్ కలిపి నొక్కితే తెర మీద కీబోర్డ్ వస్తుంది. స్టీమ్ ప్రోగ్రామ్‌ను మూసేస్తే ఈ తెర కీబోర్డ్ రాదు, అది గమనించండి.

అన్నిటికంటే ముందు పాస్‌వర్డ్ పెట్టండి. కొత్త డెక్‌లో డెస్క్‌టాప్‌కి పాస్‌వర్డ్ ఉండదు. సిస్టమ్ సెట్టింగ్స్‌లో యూజర్స్ పేజీకి వెళ్లి పెట్టి, కాగితం మీద రాసి భద్రపరచండి. మర్చిపోతే తిరిగి పొందడం పెద్ద తలనొప్పి.

తర్వాత తెరను సర్దుకోండి. డాక్‌కి తగిలించాక డెక్ సొంత తెరను ఆపేసి మానిటర్ ఒక్కటే ఉంచితే పని సులువు. డిస్‌ప్లే సెట్టింగుల్లో ఒక్క క్లిక్‌తో అయిపోతుంది. శబ్దం ఇంకా డెక్‌లోంచే వస్తుంటే కింద మూలన స్పీకర్ గుర్తు నొక్కి హెచ్‌డీఎంఐని ఎంచుకోండి.

ఇప్పుడు ప్రోగ్రామ్‌లు. డెస్క్‌టాప్‌లో డిస్కవర్ అనే యాప్ స్టోర్ ఉంది. అక్కడ ఫైర్‌ఫాక్స్ గానీ క్రోమ్ గానీ వేసుకోండి. ఉత్తరాలకు, లెక్కలకు లిబ్రేఆఫీస్, పాస్‌వర్డ్‌లకు కీపాస్ ఎక్స్‌సీ, పాటలకూ వీడియోలకూ వీఎల్‌సీ, ఫోన్‌తో ఫైళ్లు ఇచ్చిపుచ్చుకోవడానికి లోకల్‌సెండ్. అన్నీ ఉచితం. నాకు ఏడాదిన్నరలో వీటికి మించి రెండు మూడే అవసరమయ్యాయి.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి. ప్రోగ్రామ్‌లను డిస్కవర్ నుంచే వేసుకోండి. స్టీమ్ ఓఎస్ ఉండే భాగాన్ని మనం మార్చకుండా మూసి ఉంచుతారు. సిస్టమ్‌కి రెండు కాపీల చోటు ఉంటుంది. ఒకటి నడుస్తుండగా అప్‌డేట్ రెండో చోటులోకి చేరుతుంది, రీస్టార్ట్ చేస్తే అటు మారుతుంది. అప్‌డేట్ పాడైతే వెనక్కి రావడానికి ఇది మంచి ఏర్పాటు. కానీ ఆ తాళం తీసి సిస్టమ్ భాగంలో మీరు పెట్టుకున్నవి తర్వాతి అప్‌డేట్‌తో పోతాయి. డిస్కవర్ నుంచి వేసేవి, మీ ఫైళ్లు హోమ్ భాగంలో ఉంటాయి. ఆ భాగం జోలికి అప్‌డేట్ రాదు. ఏదైనా కొత్త ప్రోగ్రామ్ కోసం సిస్టమ్ తాళం తీయమని సలహా కనబడితే, అదే పని చేసే ఇంకో ప్రోగ్రామ్ డిస్కవర్‌లో ఉందేమో ముందు వెతకండి. దాదాపు ప్రతిసారీ దొరుకుతుంది.

తెలుగు టైపింగ్‌కి ఏదీ కొత్తగా వేసుకోనక్కర్లేదు. సిస్టమ్ సెట్టింగ్స్‌లో కీబోర్డ్, అందులో లేఔట్స్ తెరిచి, కొత్తది చేర్చేచోట తెలుగు అని వెతకండి. ఒక్కో కీకి ఒక్కో తెలుగు అక్షరం కేటాయించిన ఇన్‌స్క్రిప్ట్ పద్ధతి వస్తుంది, దాంతోపాటు ఉచ్చారణను బట్టి టైప్ చేసే కగప పద్ధతి కూడా కనబడుతుంది. ఇంగ్లిష్ కీబోర్డ్‌కి అలవాటుపడిన వేళ్లకు కగప త్వరగా వస్తుంది. నేను ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకున్నాను. మూడు వారాలు కష్టంగా అనిపించింది, తర్వాత వేళ్లే వెతుక్కుంటున్నాయి. రెండు భాషల మధ్య మారడానికి టాస్క్‌బార్‌లోని గుర్తు నొక్కితే సరి. ఏ ప్రోగ్రామ్‌లోనైనా తెలుగు బదులు ఖాళీ డబ్బాలు కనబడితే నోటో సాన్స్ తెలుగు లాంటి ఫాంట్ ఫైల్ దించుకుని, తెరిచి ఇన్‌స్టాల్ నొక్కండి. అది మీ యూజర్‌కి మాత్రమే చేరేలా పెట్టుకుంటే హోమ్ భాగంలోనే ఉంటుంది, అప్‌డేట్ తర్వాత కూడా నిలుస్తుంది.

ఎక్స్‌బాక్స్ ఉన్నవాళ్లకు

మై గేమ్స్ అండ్ యాప్స్‌లో ఎడ్జ్ ఉంటుంది, దాన్ని హోమ్ తెరకు పిన్ చేసుకోండి. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే ఫోన్‌లోని ఎడ్జ్‌లో దాచుకున్న ఫేవరెట్లు, పాస్‌వర్డ్‌లు ఇక్కడికీ వస్తాయి. ఆన్‌లైన్ వర్డ్, ఎక్సెల్, గూగుల్ డాక్స్, జీమెయిల్ చక్కగా నడుస్తాయి. మౌస్ ప్రధానంగా బ్రౌజర్‌లో, కొన్ని ఆటల్లో మాత్రమే పనిచేస్తుంది. మిగతాచోట్ల కంట్రోలర్ పట్టుకోవాల్సిందే. విండోస్ ప్రోగ్రామ్‌లు ఏవీ ఇందులో వేయలేం, రెండూ ఒకే కంపెనీవి కదా అని ఆశపడొద్దు.

తెలుగు టైపింగ్‌కి జీమెయిల్ సెట్టింగుల్లో ఇన్‌పుట్ టూల్స్ ఆన్ చేసుకుని చూడండి. అది వెబ్ పేజీ లోపల నడిచే ఏర్పాటు, కన్సోల్ కీబోర్డ్ భాషతో దానికి సంబంధం లేదు. పనంతా క్లౌడ్‌లో ఉండేలా చూసుకోండి. ఫైళ్లు దించుకుని ఫోల్డర్లలో సర్దుకునే అలవాటు ఉన్నవాళ్లకు ఈ దారి ఇరుకుగా ఉంటుంది. కొంతసేపు ముట్టుకోకపోతే కన్సోల్ తనంతట తాను ఆగిపోయే సెట్టింగ్ ఉంటుంది. పెద్ద ఫారం నింపుతూ మధ్యలో లేచి వెళ్లేవాళ్లు ఆ సమయాన్ని కాస్త పెంచుకోండి.

ఫైళ్లు పోకుండా చూసుకోవడం

నాకు జరిగిన నష్టం చెబుతాను, మీకు జరగకూడదనే. కెమెరాలోంచి తీసిన మైక్రో ఎస్‌డీ కార్డు డెక్‌లో పెట్టాను. అప్పుడు గేమింగ్ మోడ్‌లో, అంటే ఆటల తెరలో ఉన్నాను. స్టోరేజ్ పేజీలో ఫార్మాట్ అన్న మాట చూసి, వాడుకలోకి తెచ్చుకోవడానికి అది నొక్కాలేమో అనుకుని నొక్కేశాను. ఆటలు పెట్టుకోవడానికి వీలుగా కార్డును తుడిచి కొత్తగా సిద్ధం చేసే బటన్ అది. రెండేళ్ల ఫోటోలు పోయాయి. ఆ ఫోటోలకు ఇంకో కాపీ లేదు.

అందుకే ఫోటోలు, పత్రాలు ఉన్న కార్డును ఎప్పుడూ డెస్క్‌టాప్ మోడ్‌లో, డాల్ఫిన్ అనే ఫైల్ మేనేజర్‌తోనే తెరవండి. ఆటల కార్డు వేరు, ఇంటి కార్డు వేరు అని పెట్టుకుని మీద పేరు రాయండి. కన్సోల్‌లో ఉన్న ప్రతి ముఖ్యమైన ఫైల్‌కీ బయట ఇంకో కాపీ ఉండాలి. నేను ప్రతి ఆదివారం హోమ్‌లోని డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లను ఒక బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేస్తాను, పది నిమిషాల పని. ఆ డిస్క్‌ను ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ చేసి ఉంచితే విండోస్, మ్యాక్, లినక్స్ మూడింట్లోనూ తెరుచుకుంటుంది. రేపు కన్సోల్ పాడైనా ఇంకో కంప్యూటర్‌లో పని ఆగదు.

ప్రింటింగ్, వీడియో కాల్స్

ప్రింట్ చేయాల్సినదాన్ని పీడీఎఫ్‌గా సేవ్ చేసి, లోకల్‌సెండ్‌తో ఫోన్‌కి పంపి, ఫోన్ నుంచి ప్రింట్ తీయండి. కన్సోల్‌లో ప్రింటర్‌ని కలపడానికి పడే టెన్షన్ కంటే ఇది ఎంతో నయం. డెక్‌లో మైక్ ఉంది, కెమెరా లేదు. మామూలు యూఎస్‌బీ వెబ్‌క్యామ్ తగిలించి బ్రౌజర్‌లోనే మీటింగ్ తెరవండి. ఎక్స్‌బాక్స్ దారిలో ఉన్నవాళ్లు కాల్స్‌కి ఫోనే వాడుకోండి.

ఇంట్లో నలుగురూ వాడుకునేటప్పుడు

డెక్ డెస్క్‌టాప్‌లో మొదటి నుంచీ ఉండేది ఒక్క యూజరే. పిల్లలు ఆట కోసం తీసుకున్న యంత్రంలోనే మీ బ్యాంకు మెయిల్ తెరిచి ఉంటుంది. బ్రౌజర్‌లో ఒక్కొక్కరికి ఒక ప్రొఫైల్ పెట్టండి. బ్యాంకు, మెయిల్ పని అయిపోగానే లాగౌట్ అవ్వండి. పాస్‌వర్డ్‌లు బ్రౌజర్‌లో కాకుండా కీపాస్ ఎక్స్‌సీలో దాచండి, దాని తాళం మీ దగ్గరే ఉంటుంది. స్టీమ్ సెట్టింగుల్లో సెక్యూరిటీ కింద పిన్ కూడా పెట్టుకోవచ్చు.

ఆట ఆడేవాళ్లు డెస్క్‌టాప్ మీదున్న రిటర్న్ టు గేమింగ్ మోడ్ గుర్తు నొక్కుతారు. అలా నొక్కితే డెస్క్‌టాప్‌లో తెరిచి ఉన్న ప్రోగ్రామ్‌లన్నీ మూసుకుపోతాయి, సేవ్ చేయని పేజీ పోతుంది. లిబ్రేఆఫీస్ ఆప్షన్స్‌లో ఆటో రికవరీ సమయాన్ని రెండు మూడు నిమిషాలకు తగ్గించండి. ఆ గుర్తు నొక్కేముందు నాన్ననో అమ్మనో ఒకసారి అడగాలని పిల్లలకు చెప్పి ఉంచండి. మా ఇంట్లో కీబోర్డ్ మీద ఎర్ర రిబ్బన్ ఉంటే పని సాగుతోందని గుర్తు. రిబ్బన్ తీసేదాకా గేమింగ్ మోడ్ బటన్ ఎవరూ నొక్కరు.